క్రాక్ సాఫ్ట్‌వేర్‌కు మనం కడుతున్న అసలు ధర

డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేందుకు ఇంటర్నెట్‌లో దొరికే ‘క్రాక్’ ఫైళ్లతో పాటు తరచుగా ఒక చిన్న టెక్స్ట్ ఫైలు కూడా వస్తుంది. ఎలా ఇన్‌స్టాల్ చేయాలో అందులో రాసి ఉంటుంది. ఆ సూచనల్లో చాలాసార్లు కనిపించే మాట ఒకటి ఉంది: ముందుగా యాంటీవైరస్‌ను ఆపేయండి. గుమ్మం ముందు నిలబడిన కొత్త మనిషి ‘మీ కుక్కను కట్టేస్తే లోపలికి వస్తాను’ అంటే మనం పది రకాలుగా ఆలోచిస్తాం. కంప్యూటర్ దగ్గర మాత్రం అదే కోరికను మారుమాట లేకుండా తీరుస్తున్నాం.

వ్యక్తిగత కంప్యూటర్ల నుంచి సమాచారాన్ని దొంగిలించే ట్రోజన్ల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ‘ఏ యాంటీవైరస్ మంచిది?’ అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ‘ఈ ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని నేను ఎందుకు నమ్ముతున్నాను?’ అన్నది మొదటి ప్రశ్న. మన దేశంలో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో ఈ ప్రశ్నను అడగడమే మానేశాం. క్రాక్ సాఫ్ట్‌వేర్‌ను తప్పుగా కాదు కదా, ప్రమాదంగా కూడా చూడటం లేదు. ఈ అలవాటు మారకుండా ఎంత ఖరీదైన భద్రతా సాఫ్ట్‌వేర్ కొన్నా ప్రయోజనం తక్కువే.

ట్రోజన్ చొరబడదు, మనం పిలిస్తేనే వస్తుంది

మామూలు మాటల్లో హాని చేసే ప్రతి ప్రోగ్రామ్‌నూ మనం వైరస్ అంటాం. సాంకేతికంగా చూస్తే వైరస్‌కూ ట్రోజన్‌కూ తేడా ఉంది. వైరస్ ఇతర ఫైళ్లకు అంటుకొని తనంతట తాను పెరుగుతుంది. ట్రోజన్‌కు ఆ శక్తి అక్కరలేదు. అది ఉపయోగపడే వస్తువు వేషంలో వస్తుంది. దాన్ని నడిపించేది మనమే. ట్రాయ్ నగరవాసులు కొయ్య గుర్రాన్ని తామే కోటలోకి లాక్కుపోయిన గ్రీకు గాథ నుంచి ఈ పేరు వచ్చింది. 1970ల్లోనే అమెరికా వైమానిక దళం కోసం తయారైన కంప్యూటర్ భద్రతా నివేదికల్లో ఈ మాట కనిపిస్తుంది.

1989లో ఎయిడ్స్ వ్యాధి సమాచారం ఉందంటూ సుమారు 20 వేల ఫ్లాపీ డిస్కులు పోస్టులో పలు దేశాలకు వెళ్లాయి. వాటిని కంప్యూటర్‌లో నడిపిన కొన్నాళ్లకు ఫైళ్ల పేర్లు గజిబిజిగా మారిపోయి, 189 డాలర్లు పనామాలోని ఒక పోస్టుబాక్సుకు పంపాలని తెరపై బెదిరింపు వచ్చేది. 2007లో వెలుగులోకి వచ్చిన జ్యూస్ ట్రోజన్ దారి వేరు. అది బెదిరించలేదు. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఖాతాదారు నింపే వివరాలను చప్పుడు లేకుండా పట్టుకొని నేరగాళ్లకు పంపింది. 2011లో దాని సోర్స్ కోడ్ బయటికి పొక్కడంతో అలాంటివి ఎన్నో పుట్టుకొచ్చాయి.

ఇప్పుడు అది అద్దె వ్యాపారం. రాకూన్ స్టీలర్ అనే ట్రోజన్‌ను నెలకు సుమారు 200 డాలర్లకు అద్దెకిచ్చేవారు. అద్దెకు తీసుకునేవాడికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. దొంగిలించిన సమాచారాన్ని చక్కగా సర్ది చూపించే తెర కూడా ఆ అద్దెలోనే వస్తుంది. ఆ ముఠా ద్వారా దొంగిలించిన సమాచారంలో 5 కోట్లకు పైగా లాగిన్ వివరాలను అమెరికా ఎఫ్‌బీఐ గుర్తించింది. లుమ్మా అనే మరో ట్రోజన్ 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, రెండు నెలల్లో 3 లక్షల 94 వేలకు పైగా విండోస్ కంప్యూటర్లకు సోకినట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పోలీసులు ఒక ముఠాను మూయిస్తే మరొకటి తెరుచుకుంటోంది.

దొంగ కన్ను బ్రౌజర్ మీద

ఈ ట్రోజన్లు మన ఫొటోలనో, ఉత్తరాలనో వెతుక్కుంటూ కూర్చోవు. ముందుగా బ్రౌజర్ దగ్గరికి వెళ్తాయి. అందులో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, ఫారాలు త్వరగా నింపేందుకు ఉంచిన చిరునామా, ఫోన్ నంబరు వాటికి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా కుకీలు కావాలి.

కుకీ అంటే ఏమిటో సినిమా హాలు ఇంటర్వెల్‌తో పోల్చి చూడవచ్చు. మొదటిసారి లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర టికెట్ చూస్తారు. ఇంటర్వెల్‌లో బయటికి వెళ్లే వారికి ఒక పాస్ చేతికిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు పాస్ చూపిస్తే చాలు, టికెట్ అడగరు. ఆ పాస్ దారిలో వేరొకరి చేతికి చిక్కితే వాళ్లూ అలాగే లోపలికి వెళ్లగలరు. మనం ఈమెయిల్‌లోకి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి ఒకసారి ప్రవేశించాక, ఆ వెబ్‌సైట్ మన బ్రౌజర్‌కు ఇలాంటి పాస్ ఇస్తుంది. అదే సెషన్ కుకీ. రోజూ పాస్‌వర్డ్ కొట్టకుండానే ఈమెయిల్ తెరుచుకోవడానికి కారణం అదే. ఆ కుకీని దొంగ తన బ్రౌజర్‌లో పెట్టుకుంటే అనేక వెబ్‌సైట్లు అతన్ని మనమే అనుకుంటాయి. పాస్‌వర్డ్ అడగవు, ఓటీపీ కూడా అడగవు.

ఇది పుస్తకాల్లో ఉండే ప్రమాదం కాదు. సాఫ్ట్‌వేర్ తయారీదారులకు సేవలందించే సర్కిల్‌సీఐ అనే సంస్థలో 2022 డిసెంబరు 16న ఒక ఇంజినీరు ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ చేరింది. ఆ ఇంజినీరు రెండంచెల ధ్రువీకరణతోనే లాగిన్ అయ్యారు. దొంగలు ఆ తర్వాతి సెషన్ కుకీని ఎత్తుకెళ్లారు. యాంటీవైరస్ దాన్ని పట్టుకోలేదని ఆ సంస్థే వెల్లడించింది. 2023 మార్చిలో సుమారు కోటిన్నర మంది చందాదారులున్న కెనడా యూట్యూబ్ ఛానల్ లైనస్ టెక్ టిప్స్ కొన్ని గంటలపాటు దొంగల చేతుల్లోకి వెళ్లింది. ప్రకటన ఒప్పందం పేరుతో వచ్చిన ఈమెయిల్‌లోని ఫైలును అక్కడి ఉద్యోగి ఒకరు తెరిచారు. చూడటానికి అది పీడీఎఫ్ పత్రంలాగే ఉంది. కంప్యూటర్ల గురించి ప్రపంచానికి చెప్పే ఛానల్‌కే అలా జరిగింది.

మరి బ్రౌజర్ పాస్‌వర్డ్‌లను రహస్య లిపిలో దాచదా అని అడగవచ్చు. దాస్తుంది. అయితే విండోస్‌లో ఆ లిపిని విప్పే తాళంచెవి చాలాకాలంగా వాడుకదారు ఖాతాకు ముడిపడి ఉంది. కంప్యూటర్‌ను ఎవరైనా ఎత్తుకుపోతే ఈ ఏర్పాటు కాపాడుతుంది. కానీ మన ఖాతాలో మనమే నడిపిన ప్రోగ్రామ్‌కు మన అధికారాలన్నీ వస్తాయి. అది తాళంచెవి అడిగితే విండోస్ ఇచ్చేస్తుంది. అందుకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా అవసరం లేదు. 2024 జులైలో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్ 127వ వెర్షన్‌లో ఈ తాళంచెవిని బ్రౌజర్‌కు మాత్రమే కట్టిపడేసే కొత్త పద్ధతిని తెచ్చింది. కొద్ది నెలల్లోనే దాన్ని దాటే మార్గాలను ట్రోజన్ తయారీదారులు వెతుక్కున్నారు. కుకీని కంప్యూటర్‌లోని భద్రతా చిప్‌కు ముడివేసి, వేరే యంత్రంలో పనికిరాకుండా చేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. అవి అన్ని వెబ్‌సైట్లకూ చేరే వరకు మన జాగ్రత్తే మనకు దిక్కు.

‘నా కంప్యూటర్‌లో ఏముంది?’

ఈ ప్రమాదం గురించి చెప్పినప్పుడు చాలామంది అనే మాట ఇది. ‘నా దగ్గర దోచుకోవడానికి ఏముంది?’ పొరపాటంతా ఇక్కడే ఉంది.

ఒక చిన్న పట్టణంలో ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే సలహాదారుని తలచుకోండి. ఆయన బ్రౌజర్‌లో ఉన్న లాగిన్‌లలో ఆయన సొంతవి పది ఉంటే, ఊళ్లోని వ్యాపారులవి వంద ఉంటాయి. ఇంటర్నెట్ సెంటర్‌లో పరీక్ష దరఖాస్తులు నింపే కుర్రాడి కంప్యూటర్‌లో విద్యార్థుల ఆధార్ ప్రతులు, మార్కుల జాబితాలు, సంతకాల ఫొటోలు ఉంటాయి. పెళ్లి శుభలేఖలు, ఓటరు స్లిప్పులు, పాఠశాల ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ ఆపరేటర్ దగ్గర ఉన్నవీ ఇతరులవే. ఇంట్లో అయితే తండ్రి నెట్‌బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌లోనే కొడుకు ఆటలు డౌన్‌లోడ్ చేస్తుంటాడు. మన కంప్యూటర్‌లో ఉన్నది మన సమాచారం ఒక్కటే కాదు. మనల్ని నమ్మి ఇచ్చిన వారి సమాచారం కూడా అక్కడే ఉంది.

ఇంటి కంప్యూటర్‌లోని చిన్న అలవాటు ఎంత దూరం వెళ్తుందో 2024లో స్నోఫ్లేక్ ఉదంతం చూపింది. స్నోఫ్లేక్ అనేది పెద్ద కంపెనీలు తమ డేటాను నిల్వ చేసుకునే క్లౌడ్ వేదిక. ఆ ఏడాది దాని ఖాతాదారులైన అనేక సంస్థల నుంచి భారీగా డేటా చోరీ అయింది. దర్యాప్తు చేసిన మాండియంట్ సంస్థ సుమారు 165 సంస్థలకు ప్రమాదం ఉండవచ్చని హెచ్చరికలు వెళ్లాయని తెలిపింది. దొంగలు వేదిక గోడలు బద్దలు కొట్టలేదు. అంతకుముందే ట్రోజన్ల ద్వారా దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో నేరుగా లాగిన్ అయ్యారు. వాటిలో కొన్ని 2020లో దొంగిలించినవి. దొంగిలించి నాలుగేళ్లయినా ఎవరూ మార్చలేదు. ఆ ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ కూడా లేదు. వాటిలో కొన్ని కాంట్రాక్టర్ల కంప్యూటర్ల నుంచి పోయినవి. ఆ కంప్యూటర్లను ఆటలకూ, పైరసీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌లకూ కూడా వాడేవారని మాండియంట్ పేర్కొంది.

ఒకరి ఇంట్లో ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు, ఎక్కడో ఉన్న లక్షలాది మంది ఖాతాదారులు మూల్యం చెల్లించారన్నమాట. ఇంటి నుంచి ఆఫీసు పని చేసే ఐటీ ఉద్యోగులు హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ లక్షల్లో ఉన్న మన దేశానికి ఈ పాఠం చాలా దగ్గరిది.

పైరసీ మన సమస్య ఎందుకు?

సాఫ్ట్‌వేర్ కంపెనీల సమాఖ్య బీఎస్ఏ 2018లో విడుదల చేసిన సర్వే ప్రకారం, 2017లో భారత్‌లో కంప్యూటర్లలో వాడిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతానికి లైసెన్సు లేదు. ఇది కంపెనీల లెక్క కాబట్టి వారి ప్రయోజనం వారికి ఉంటుందని అనుకున్నా, మన చుట్టూ చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే ‘అన్నీ వేసి ఇస్తాం’ అని దుకాణదారు చెప్పే ఆ ‘అన్నీ’లో లైసెన్సు ఉన్నవి ఎన్నో మనం అడగం. డీటీపీ సెంటర్లలో ఏళ్ల నాటి పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్, కీ లేని తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి మరొకరికి చేరుతూనే ఉంటాయి. శిక్షణ కేంద్రంలో పాఠం నేర్పేదే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మీద అయితే, విద్యార్థి మొదటి రోజే నేర్చుకునేది ఆ అలవాటు.

క్రాక్ ఫైలు ట్రోజన్‌కు ఇంత అనువైన వాహనం కావడానికి కారణాలు సులభంగానే అర్థమవుతాయి. మొదటిది, అసలు సాఫ్ట్‌వేర్‌లోని లైసెన్సు తనిఖీని తప్పించడం దాని పని కాబట్టి యాంటీవైరస్ దాన్ని అనుమానించడం సహజం. ఆ హెచ్చరిక నిజమైనదో కాదో వాడేవారికి తెలిసే దారి లేదు. రెండోది, చాలాసార్లు ఆ ఫైలు పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో వస్తుంది, పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంటుంది. తెరవని పెట్టెలోకి యాంటీవైరస్ తొంగిచూడలేదు కాబట్టే ఆ ఏర్పాటు. మూడోది, ఫైలు నడిచాక ‘ఎర్రర్’ అని వచ్చి ఏమీ జరగకపోయినా మనం ఫిర్యాదు చేయం. దొంగ సరుకు కొన్నవాడు పోలీసు దగ్గరికి వెళ్లనట్టే, మౌనంగా మరో లింకు వెతుక్కుంటాం. ఈలోగా ట్రోజన్ తన పని ముగించుకుంటుంది.

పేద విద్యార్థి, చిన్న వ్యాపారి వేల రూపాయలు పెట్టి సాఫ్ట్‌వేర్ ఎలా కొంటారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నీతి బోధతో దానికి జవాబు చెప్పలేం. కానీ కొనలేనివారికి క్రాక్ ఒక్కటే దారి అన్నది ఇప్పుడు నిజం కాదు. ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రేఆఫీస్, బొమ్మల పనికి గింప్, ఇంక్‌స్కేప్, పేజీ కూర్పుకు స్క్రైబస్ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. గురజాడ, మండలి, సూరన్న, పెద్దన, ధూర్జటి వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేందుకు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. తెలుగులో లినక్స్‌ను అందుబాటులోకి తెచ్చిన స్వేచ్ఛ వంటి స్వచ్ఛంద ఉద్యమం మన దగ్గరే ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే ఐటీ పాఠాలు చెబుతున్నాయి. అలవాటైన మెనూలు కొన్ని మారతాయి, కొన్ని రోజులు చేతులు తడబడతాయి. ఆ ఇబ్బంది నిజమే. అయితే వ్యాపారుల లాగిన్‌లన్నీ పోగొట్టుకోవడంతో పోలిస్తే అది చిన్నది.

లినక్స్‌కు మారితే ఏ ప్రమాదమూ ఉండదని కాదు. మాక్ కంప్యూటర్ల నుంచి పాస్‌వర్డ్‌లు దోచే ట్రోజన్లు కూడా వచ్చాయి. ఎక్కడైనా సూత్రం ఒకటే. తయారుచేసినవారి నుంచి నేరుగా వచ్చిన ప్రోగ్రామ్‌కూ, పేరు తెలియని వాడు విప్పి మళ్లీ కట్టిన ప్రోగ్రామ్‌కూ చాలా తేడా ఉంది.

ఇంట్లో చేయగలిగినవి

భద్రతా సలహాల జాబితాలు చాంతాడంత ఉంటే ఎవరూ పాటించరు. ట్రోజన్ల విషయంలో నిజంగా తేడా చూపే పనులు కొన్నే ఉన్నాయి.

మొదటిది, ప్రోగ్రామ్‌ను తయారీదారు సొంత వెబ్‌సైట్ నుంచి లేదా ఆపరేటింగ్ సిస్టమ్ స్టోర్ నుంచి మాత్రమే తీసుకోవాలి. సెర్చ్ ఫలితాల్లో పైన కనిపించే ప్రకటనను నమ్మకూడదు. పేరున్న ఉచిత సాఫ్ట్‌వేర్‌ల పేరుతో నకిలీ ప్రకటనలిచ్చి ట్రోజన్లు అంటగట్టడం నేరగాళ్లకు అలవాటు.

రెండోది, ఫైలు పేరులోని చివరి భాగం కనిపించేలా విండోస్‌లో సెట్టింగ్ మార్చుకోవాలి. మామూలుగా విండోస్ తనకు తెలిసిన ఫైలు రకాల తోకను దాచేస్తుంది. అందువల్ల ‘బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ అనే ప్రోగ్రామ్ మనకు ‘బిల్లు డాట్ పీడీఎఫ్’ గానే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే గడిలో టిక్ పెడితే ఈ మారువేషం బయటపడుతుంది.

మూడోది, 2024 నుంచి బాగా పెరిగిన కొత్త మోసాన్ని గుర్తుపెట్టుకోవాలి. ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అంటూ వచ్చే పేజీ, విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కమని, తర్వాత కంట్రోల్, వీ కలిపి నొక్కి, ఎంటర్ కొట్టమని చెబుతుంది. మనకు తెలియకుండానే ఆ పేజీ ఒక ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతుంది. మనం దాన్ని అతికించి మన చేతులతోనే ట్రోజన్‌ను దింపుకుంటాం. బొమ్మల్లో బస్సులను గుర్తించమనడం వరకు సరే. కీబోర్డుపై ఇలాంటి వరుస నొక్కమనే తనిఖీ ఏదీ నిజమైనది కాదు.

నాలుగోది, ఇంట్లో ఒక్కొక్కరికి విండోస్‌లో వేరే ఖాతా పెట్టాలి. పిల్లల ఖాతా అడ్మినిస్ట్రేటర్‌ది కాకుండా సాధారణ ఖాతాగా ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ వారికి చెప్పకూడదు. పిల్లవాడి ఖాతాలో నడిచిన ట్రోజన్ ఆ ఖాతాలోని బ్రౌజర్‌ను దోచుకోగలదు గానీ, మామూలుగా తల్లిదండ్రుల ఖాతాలోని తాళంచెవిని అందుకోలేదు. దీనికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. అయినా చాలా ఇళ్లలో అందరిదీ ఒకే ఖాతా.

ఐదోది, బ్రౌజర్‌లో తక్కువ దాచాలి. బ్యాంకు, ముఖ్యమైన ఈమెయిల్, పన్నుల పోర్టళ్ల పాస్‌వర్డ్‌లను బ్రౌజర్‌కు అప్పగించకుండా, ప్రత్యేకమైన పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టుకుని పని అయ్యాక దాన్ని మూసేయాలి. ట్యాబ్ మూసేయడం వేరు, లాగ్ అవుట్ కావడం వేరు. లాగ్ అవుట్ అయినప్పుడు సరిగ్గా కట్టిన వెబ్‌సైట్ ఆ కుకీని రద్దు చేస్తుంది. దొంగకు చిక్కినా అది చెల్లని పాస్. వీలున్న చోటల్లా పాస్‌కీకి మారడం మంచిది. కుకీ దొంగతనాన్ని అది ఆపలేదు గానీ, దొంగిలించడానికి పాస్‌వర్డ్ అనేదే లేకుండా చేస్తుంది.

ఆరోది, అప్‌డేట్లు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరకుండా దాన్నే వాడుతున్నవారు కొత్త లోపాలకు మరమ్మతు లేని ఇంట్లో ఉన్నట్టే. పాత యంత్రం విండోస్ 11కు సరిపోకపోతే లినక్స్ వైపు చూడటానికి ఇదే అదను.

యాంటీవైరస్ వద్దని నేను అనడం లేదు. విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచడమే చాలామందికి సరిపోతుంది. కానీ అది చివరి కాపలా. దాన్ని దాటించే కొత్త రూపాలను నేరగాళ్లు రోజూ తయారు చేస్తూనే ఉంటారు.

సోకిందని అనుమానం వస్తే

ఇక్కడ చేసే పనుల వరుస ముఖ్యం. చాలామంది కంగారులో అదే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్‌లు మారుస్తారు. ట్రోజన్ ఇంకా లోపలే ఉంటే కొత్తవి కూడా దానికే అందుతాయి. ముందుగా ఇంటర్నెట్ తీసేయాలి. తర్వాత శుభ్రమైన మరో పరికరం నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డ్‌లు తిరిగి పొందే దారి ఈమెయిల్ కాబట్టి దానిదే మొదటి వంతు. పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకుండా ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ చేయాలి. లేకపోతే కొన్ని సేవల్లో పాత కుకీ ఇంకా చెల్లుతూనే ఉంటుంది. ఆ తర్వాత బ్యాంకులు, మిగతా ఖాతాలు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయాలి. చివరగా కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి కొత్తగా వేయాలి.

స్కాన్ చేస్తే ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండకూడదు. ఈ తరహా ట్రోజన్లలో చాలా వరకు కొద్ది నిమిషాల్లో దోచుకొని, తమ ఆనవాళ్లు తుడిచేసుకొని వెళ్లిపోతాయి. ఇల్లు ఖాళీగా కనిపించడం, దొంగతనం జరగలేదనడానికి రుజువు కాదు.

బాధ్యత వాడుకదారుడిదే కాదు

ఇన్ని జాగ్రత్తలూ పౌరుడి నెత్తిన పెట్టి ప్రభుత్వాలు, సంస్థలు చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరిలో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్ర మాల్‌వేర్‌ను తొలగించే ఉచిత సాధనాలను అందిస్తోంది. యూఎస్‌బీ ప్రతిరోధ్, యాప్‌సంవిద్ వంటివి సీడాక్ రూపొందించినవి. అనుమతించిన ప్రోగ్రామ్‌లు తప్ప మరేవీ నడవకుండా చూడటం యాప్‌సంవిద్ పని. ఈ వ్యాసంలో చెబుతున్న మొదటి ప్రశ్నకు అది సాంకేతిక రూపం. ఇలాంటివి ఉన్నాయని ఎంతమంది ఇంటర్నెట్ సెంటర్ యజమానులకు తెలుసు? ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు’ అనే మాట ఫోన్ రింగ్‌టోన్ల దాకా చేరింది. ‘క్రాక్ ఫైలు నడపవద్దు’ అన్న మాట ఇంకా పాఠశాల దాకా కూడా రాలేదు.

మూడు పనులు వెంటనే చేయవచ్చు. ప్రభుత్వ పాఠశాలలు, కళాశాలలు, శిక్షణ కేంద్రాల ల్యాబుల్లో లైసెన్సు ఉన్నది లేదా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండాలన్న నిబంధనను కాగితం మీద కాకుండా తనిఖీలో పెట్టాలి. పన్నులు, ధ్రువపత్రాలు, పరీక్షల పోర్టళ్లు సెషన్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచకుండా, మొబైల్ నంబరు మార్చడం వంటి కీలక పనులకు మళ్లీ ధ్రువీకరణ అడగాలి. ఖాతాదారుల తరఫున పనిచేసే సలహాదారులు తమ పాస్‌వర్డ్ వాడాల్సిన అవసరం లేకుండా, వారికి విడిగా అధికారమిచ్చే పద్ధతిని ప్రతి పోర్టల్ సులభం చేయాలి. వంద మంది పాస్‌వర్డ్‌లు ఒకే బ్రౌజర్‌లో పోగుపడటానికి మూలకారణం ఆ సౌకర్యం లేకపోవడమో, ఉన్నా తెలియకపోవడమో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పిస్తోంది. జరిమానా భయం కంటే ముందే, ఒకరి వివరాలు మన చేతికి వచ్చాయంటే వాటికి మనం కాపలాదారులమన్న స్పృహ రావాలి.

ట్రోజన్ ఎంత తెలివైనదైనా, చాలా సందర్భాల్లో దానికి ఇప్పటికీ ఒక మనిషి సాయం కావాలి. డబుల్ క్లిక్ చేసే వేలు కావాలి, యాంటీవైరస్‌ను ఆపే చేయి కావాలి. ఇదే మనకున్న అవకాశం. ఈ వారాంతంలో ఓ గంట కేటాయించి మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ల జాబితా తెరవండి. ఒక్కొక్కదాని ఎదుట ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడగండి. జవాబు తెలియని వాటిని తీసేసి, వాటి స్థానంలో చట్టబద్ధమైనవి పెట్టుకోండి. క్రాక్ చేసినవి ఉన్నాయని తేలితే, పైన చెప్పిన వరుసలో పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. యాంటీవైరస్ గురించిన ప్రశ్నను ఆ తర్వాత తీరిగ్గా చర్చించుకోవచ్చు.